పదకొండో కిలోమీటరు

అనంతగిరి అడవిలో మట్టిదారి ఒక మోదుగు చెట్టు దగ్గర ఎడమకు తిరిగి ఎత్తెక్కుతుంది. ఏడాదిన్నర పాటు, నెలకు రెండు ఆదివారాల చొప్పున, నేను సైకిలు దిగింది ఆ చెట్టు కిందే. దిగి, సీటుకు తుంటి ఆనించి, రెండు బొటనవేళ్లతో నడుం వెనక గుంటల్ని గట్టిగా నొక్కుకుంటూ నిలబడేవాణ్ణి. కార్లు ఆపిన చోటు నుంచి అక్కడికి పదకొండు కిలోమీటర్లు. కాళ్లలో ఇంకా సత్తువ ఉండేది. ఆయాసమూ పెద్దగా ఉండేది కాదు. నడుం ఒక్కటే మొండికేసేది. వెన్నెముకకు అటూ ఇటూ రెండు తాళ్లు కట్టి ఎవరో కిందికి గుంజుతున్నట్టుండేది. రెండు నిమిషాలు నిలబడితే తగ్గేది. ఎక్కి ఇంకో కిలోమీటరు తొక్కితే మళ్లీ అదే.

నొప్పి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. మూసీ పుట్టిన కొండల్లో తిరుగుతూ కూడా నేను కొండను చూడడం మానేశాను. టేకాకుల మీద ఎండ పడుతుంది, నెమలి దారి దాటుతుంది, నా ధ్యాస మాత్రం నడుం మీదే. ముప్పై తొమ్మిదో ఏట మొదలైన ఈ సంతోషం నలభై నాలుగో ఏటికే చేజారిపోతుందేమోనని భయం పట్టుకుంది.

నాది హార్డ్‌టెయిల్ సైకిలు. ముందు చక్రానికి 100 మిల్లీమీటర్లు కుంగే షాకర్లుంటాయి. వెనక చక్రానికి ఏమీ ఉండవు, అది నేరుగా ఫ్రేముకే బిగించి ఉంటుంది. ఆ పేరు వెనక ఒక చరిత్ర ఉంది. 1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొందరు కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లతో కొండ మీంచి మట్టిదారిన పందెం పెట్టుకున్నప్పుడు షాకర్లు ముందూ లేవు, వెనకా లేవు. కిందికొచ్చేసరికి వెనక హబ్బులోని గ్రీజంతా కాలిపోయేది. ప్రతిసారీ మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది కాబట్టి ఆ దారికి ‘రీప్యాక్’ అనే పేరు స్థిరపడింది. రాక్‌షాక్స్ కంపెనీ వాళ్ల ముందు షాకర్లు వచ్చింది 1989లో. ఆ తర్వాత వెనక కూడా షాకర్లున్న సైకిళ్లు పెరిగాకే, అవి లేని సైకిలుకు విడిగా ఒక పేరు కావలసి వచ్చింది. బ్రాయిలర్ రాకముందు మన ఊళ్లలో నాటుకోడి అని ఎవరన్నారు? అది ఉత్త కోడే.

మాతో తొక్కే ఒక తమ్ముడికి ఈ పోటీల చరిత్రంతా కంఠస్థం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో చెక్ దేశపు యారోస్లావ్ కుల్హావీ రెండువైపులా షాకర్లున్న సైకిలు మీద, హార్డ్‌టెయిల్ తొక్కిన స్విట్జర్లాండ్ వీరుడు నినో షుర్టర్‌ను ఒక్క సెకను తేడాతో ఓడించాడు. ఆ కథ చెప్పి, “అన్నా, ఈ బండి అమ్మెయ్. ఫుల్ సస్పెన్షన్ తీస్కో. నడుం బతుకుతది” అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. రాళ్లదారి, వెనక షాకర్లు లేని సైకిలు, నడుం నొప్పి. ఈ మూడూ పక్కపక్కన పెడితే ఎవరికైనా అలాగే తోస్తుంది. నాకూ అలాగే తోచింది. లక్షన్నర, రెండు లక్షల సైకిళ్ల ధరలు చూస్తూ కొన్ని రాత్రులు గడిపాను.

ఈ లోగా ఎమ్మారై తీయించాను. నాలుగో, ఐదో నడుం పూసల మధ్య డిస్కు కొంచెం ఉబ్బిందని రిపోర్టులో రాశారు. ఆ కాగితం చూసి ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా అన్నం తినలేదు.

దానికి కారణం ఉంది. మా ఇంట్లో నడుం మాట తేలిగ్గా అనరు. మాది జనగామ దగ్గర ఊరు. బాపు గీత కార్మికుడు. ముప్పై ఏళ్లకు పైగా పొద్దునా మాపునా తాళ్లెక్కాడు. చిన్నబాపుదీ అదే పని. ఒక వానాకాలం చెట్టు మీంచి జారి పడ్డాడు. ఆ తర్వాత బతికిన ఆరేళ్లూ మంచం దిగలేదు. అప్పులు నడ్డి విరిచాయని, ధరలు నడ్డి విరుస్తున్నాయని ఊళ్లో అందరూ అంటుంటారు. ఎవరైనా ఆ మాటంటే మా అమ్మ అక్కడి నుంచి లేచి వెళ్లిపోయేది. గీత కార్మికుల కోసం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో ప్రభుత్వం భద్రతా కిట్లు ఇవ్వడం మొదలైంది 2024లో. టీవీలో ఆ వార్త చూసి బాపు చాలాసేపు మాట్లాడలేదు. అలాంటి ఇంట్లో నా రిపోర్టు చదివితే ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

ఆ కాగితం గురించి నాకు తర్వాత తెలిసింది ఇక్కడే చెప్పేస్తాను. నాలాగే భయపడేవాళ్లు చాలామంది ఉంటారు. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగుల మీద వచ్చిన పరిశోధనలను కలిపి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. నలభై ఏళ్ల వయసులో, నొప్పి లేనివాళ్లలోనే, సగం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. ఇరవై ఏళ్లవాళ్లలో కూడా 30 శాతం మందికి ఉంది. తల నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. నా ఉబ్బుకూ నా నొప్పికీ సంబంధం ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. రిపోర్టు ఇచ్చిన చోట ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే మా అమ్మకు ఆ రెండు రాత్రులూ నిద్ర పట్టేది.

ఆ నెల ఊరికి వెళ్లినప్పుడు బాపు పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు.

“ఎక్కేటప్పుడు నొస్తదా బిడ్డా, దిగేటప్పుడు నొస్తదా?”

ఏడాదిన్నరలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. నేనూ వేసుకోలేదు. ఆలోచిస్తే జవాబు తేటగా ఉంది. ఎక్కేటప్పుడే. సైకిలు ఎగిరెగిరి పడే దిగుడులో, గుండె అదిరే రాళ్లలో, నడుం కిక్కురుమనేది కాదు. కుదుపే లేని నిదానపు ఎత్తులో, నడక వేగంతో పోయేటప్పుడే పట్టేసేది.

“అయితే అది రాళ్ల తప్పు గాదు. నీ కాళ్లు పనిదొంగలైనయి. నువ్వు నడుంతోని ఎక్కుతున్నవ్” అన్నాడు.

తర్వాత లేచి, చెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే తాడు, దూలానికి వేలాడుతున్న పాత మోకు తెచ్చాడు. చెట్టెక్కడం మానేసి పదేళ్లయినా దాన్ని పారెయ్యలేదు. నా నడుం చుట్టూ వేసి, కొంచెం కిందికి జరిపి తుంటి మీద కూర్చోబెట్టాడు. “మోకు ఈడ ఆగాలె. పాదాలు చెట్టును తన్నాలె. నడ్మ ఉన్నది ఊకె పట్టుకోని ఉండాలె. కొత్తగ నేర్చినోడు నడుం వంచి చేతులతోని పాకుతడు. పది చెట్లకే కూలవడ్తడు.” డెబ్బై నాలుగేళ్ల మనిషి, చెప్పులు విడిచి, పాదాలకు తగిలించుకునే తాడు, గుజి, ఉన్నట్టే ఊహించుకుని గోడకు రెండడుగులు తన్ని చూపించాడు.

హైదరాబాదు వచ్చాక ఒక ఫిజియోథెరపిస్టును కలిశాను. ఆమె నా సైకిలును స్టాండు మీద పెట్టించి, బరువు గేరులో పది నిమిషాలు తొక్కించి, వెనక నుంచి ఫోనులో వీడియో తీసింది. చూపించినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. నేను తొక్కుతున్నాననుకున్నది కాళ్లతో. వీడియోలో ప్రతి తొక్కుకూ నా తుంటి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఒరుగుతోంది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి నడుం కండరాలు పాము మెలికల్లా కదులుతున్నాయి. “సార్, మీ నడుం ఏ తప్పూ చెయ్యట్లేదు. దాని పనీ, కాళ్ల పనీ రెండూ అదే చేస్తోంది” అందామె. జనగామలో మోకు చెప్పిందే ఇక్కడ వీడియో చెప్పింది.

లెక్క వేసి చూడండి. నిమిషానికి 50 చుట్లు తిప్పితే రెండు కాళ్లవీ కలిపి గంటకు 6,000 తొక్కుళ్లు. ప్రతి తొక్కుకూ ఒక కాలు బరువంతా పెడల్ మీద వేస్తుంది. ఆ క్షణాన కటి ఒరిగిపోకుండా ఎవరో ఒకరు పట్టి ఉంచాలి. అది పిర్రల కండరాల పని. ఒంట్లో అంత పెద్ద కండరాలు ఇంకెక్కడా లేవు. కానీ నేను బతుకుతెరువుకు చేసే పని రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో. పిర్రల మీద కూర్చునే ఉంటాను, వాటితో పనేమీ ఉండదు. పదిహేనేళ్లు పని చెప్పకపోతే ఎంతటి బలవంతుడైనా పని మరుస్తాడు. ఆదివారం ఒక్కసారిగా కొండ చూపించి ఎక్కమంటే అవి ఎలా లేస్తాయి? పక్కనే ఉన్న నడుం పాపం ముందుకొస్తుంది. దాని కండరాలు సన్నవి. నిలబెట్టి ఉంచడానికి తగ్గవే గాని, కొండలు నెట్టడానికి తగ్గవి కావు. పదకొండు కిలోమీటర్లు అది మోసింది. ఇప్పుడు తలుచుకుంటే దాని మీద గౌరవం కలుగుతుంది.

అందులోనూ వంగి మోసింది. మనిషి నడుం దగ్గర పూర్తిగా గుండ్రంగా ముందుకు వంగినప్పుడు ఒక దశ దాటాక వెన్ను పొడవునా ఉండే కండరాలు పట్టు వదిలేస్తాయి. అప్పుడు బరువంతా లిగమెంట్ల మీదా డిస్కుల మీదా పడుతుంది. షాపులో నాకు అంటగట్టిన సైకిలు నా ఎత్తుకు ఒక సైజు పెద్దది. హ్యాండిలు అందుకోవడానికి నేను ముందుకు సాగి, వీపు విల్లులా వంచేవాణ్ణి. పైగా తెల్లవారి నాలుగున్నరకు లేచి, 80 కిలోమీటర్లు కారులో కూర్చుని, దిగగానే సైకిలు ఎక్కేవాణ్ణి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం ఒక సెంటీమీటరుకు పైనే పొడుగ్గా ఉండేది అందుకే. ఆ మొదటి గంటలో బాగా వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. తాను చెట్టెక్కే ముందు ఊరి చివరి నుంచి వనం దాకా మైలు దూరం నడిచేవాణ్ణని బాపు అన్నది నాకప్పుడు గుర్తొచ్చింది.

తమ్ముడి మాట కొట్టిపారెయ్యలేదు. కుదుపు సంగతి కూడా తేల్చుకోవాలని ఓ సాయంత్రం టేపు పట్టుకుని కూర్చున్నాను. రెండు చక్రాల ఇరుసుల మధ్య 115 సెంటీమీటర్లు. వెనక ఇరుసు నుంచి పెడళ్ల ఇరుసుకు 44. సీటు మీద నేను కూర్చునే చోటు వెనక ఇరుసుకు 22 సెంటీమీటర్లు ముందు. అంటే వెనక చక్రం 10 సెంటీమీటర్ల రాయి ఎక్కితే సీటు 8 సెంటీమీటర్లు లేస్తుంది, పెడళ్ల ఇరుసు 6. సీటుకు అంటుకుని కూర్చుంటే ఆ ఎనిమిదీ తిన్నగా వెన్నులోకి పోతుంది. అదే పెడళ్ల మీద నిలబడి మోకాళ్లు కొంచెం వంచి ఉంటే, పాదానికి తగిలే ఆ ఆరు కూడా చీలమండ, మోకాలు, తుంటి, ఈ మూడు కీళ్లలో ఇంకిపోతుంది. దిగుడులో నడుం ఎందుకు నొయ్యలేదో అప్పుడు అర్థమైంది. దిగుడులో ఎవరూ కూర్చోరు కదా. హార్డ్‌టెయిల్‌కు వెనక షాకర్లు లేవనడం సగం నిజమే. ఉన్నాయి, అవి మన కాళ్లు. బాపు అట్లాసు సైకిలుకు సీటు కింద రెండు పెద్ద చుట్టల స్ప్రింగులుండేవి. అయినా బండ్లబాటలో రాళ్లు తగిలినచోట ఆయన అరచెయ్యంత పైకి లేచి తొక్కేవాడు. వెనక క్యారేజీ ఎక్కి కూర్చున్న నాకు అది ఎందుకో చిన్నప్పుడు తెలియలేదు.

ఇక్కడ ఒక లెక్క నన్ను బాగా ఆలోచింపజేసింది. నార్వే పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 109 మంది ప్రొఫెషనల్ రోడ్డు సైకిలిస్టులను అడిగితే, 58 శాతం మంది గడిచిన ఏడాదిలో నడుం నొప్పి పడ్డామన్నారు. వాళ్లు తొక్కేది తారు రోడ్ల మీద. రాయీ లేదు, రప్పా లేదు. వంగి, గంటల తరబడి, బలంగా తొక్కడం మాత్రం ఉంది.

చేసిన మార్పులు చిన్నవి. సీటు 15 మిల్లీమీటర్లు దించాను. ఎత్తు ఎక్కువైతే పెడల్ అందుకోవడానికే తుంటి ఒరుగుతుంది. హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్‌ను 90 మిల్లీమీటర్లది తీసేసి 60 మిల్లీమీటర్లది వేయించాను. సీటు ముక్కును కొద్దిగా కిందికి వంచాను. దీనికి ఆధారం ఉంది. 1999లో ఇజ్రాయెల్ వైద్యులు నడుం నొప్పి ఉన్న మామూలు సైకిలిస్టులకు సీటు ముందుకు వంచి చూస్తే, ఎక్కువమందికి నొప్పి తగ్గింది. కొండల్లో ఆ అవసరం ఇంకా ఎక్కువ. వంద అడుగులకు పది అడుగులు లేచే ఎత్తులో సైకిలు మొత్తం దాదాపు ఆరు డిగ్రీలు వెనక్కి వాలుతుంది, సీటు ముక్కు పైకి లేచి కటిని వెనక్కి తోస్తుంది, నడుం గుండ్రంగా వంగిపోతుంది. వెనక టైరులో గాలి 55 పీఎస్‌ఐ నుంచి 32కు తగ్గించాను. మీ టైరు పక్కన అచ్చువేసిన కనీసపు అంకె చూసుకోకుండా మాత్రం తగ్గించకండి. ఎత్తులో ఇంకో గేరు తేలిక చేసి నిమిషానికి డెబ్బై ఐదు చుట్లు తిప్పడం అలవాటు చేసుకున్నాను. కారు దిగగానే పది నిమిషాలు నడుస్తున్నాను.

ఇవన్నీ ఒక్క పూటలో అయ్యాయి. కాళ్లకు పని నేర్పడానికి మాత్రం అయిదు నెలలు పట్టింది. వెల్లకిలా పడుకుని పాదాలు నేలకు తన్ని తుంటి ఎత్తడం. నడుం వంచకుండా తుంటి దగ్గరే మడిచి బరువు లేపడం. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద జీవితమంతా పనిచేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ సూచించిన మూడు వ్యాయామాలు. వాటిలో ఒకటి నాకు ఇష్టం. చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి, కుడి చెయ్యి ముందుకూ ఎడమ కాలు వెనక్కూ చాపాలి. నడుం మీద నిండు చెంబు పెట్టినా నీళ్లు తొణకకూడదు. మొదటి వారం మూడు సెకన్లు నిలవలేకపోయాను. నా నడుం కదలకుండా ఉండడం కూడా మరిచిపోయింది.

నడుం కట్టడం అనే మాట మనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ అయిదు నెలల్లో నాకు ఒంటితో తెలిసింది. బియ్యం బస్తా ఎత్తే హమాలీ ముందు తువ్వాలు నడుముకు బిగిస్తాడు, తర్వాత మోకాళ్లు వంచుతాడు, బస్తా లేచేది తొడల బలంతో. నడుం కట్టేది అది కదలకుండా ఉండడానికి. పని చేసేది కాళ్లూ చేతులూ. మన భాషలో నడుం కట్టడమంటే పనికి పూనుకోవడం. పూనికకు స్థానం నడుం, పనికి స్థానం అది కాదు. ఇది కూర్చుని అల్లిన వ్యాఖ్యానం అనిపిస్తే ఒకసారి మీరే ఏదైనా బరువు ఎత్తి చూడండి. అయితే కష్టం చేసే ఒళ్లన్నీ బాగున్నాయని నేను అనడం లేదు. నాట్లేసే ఆడవాళ్లు రోజంతా తుంటి దగ్గర వంగే ఉంటారు, అయినా రాత్రి వాళ్ల నడుములు నొస్తాయి. ఎంత సరిగ్గా వంగినా పన్నెండు గంటలు వంగి ఉండడానికి ఏ నడుమూ పుట్టలేదు. నా నొప్పి ఎక్కువ కూర్చోవడం వల్ల వచ్చింది, వాళ్లది ఎక్కువ వంగడం వల్ల. ఆ తేడా నేను మరిచిపోకూడదు.

సైకిలు అమ్మలేదు. మొన్న ఫిబ్రవరిలో మోదుగు పూసినప్పుడు ఆ చెట్టు కింద మళ్లీ దిగాను, పూలు చూడడానికి. ఆ రోజు మొత్తం 34 కిలోమీటర్లు తొక్కాను. చివరి రెండు కిలోమీటర్లలో నడుం కొంచెం గుర్తొచ్చింది. తొడలు మాత్రం మంటెత్తాయి. అది సరైన చోట పుట్టిన నొప్పి.

ఇది చదువుతున్న మీకూ పదకొండో కిలోమీటరు లాంటిది ఒకటి ఉంటే, సైకిలు అమ్మే ముందు ఒక నెల పాటు ఒక చీటీ మీద రాసిపెట్టండి. ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా, కూర్చున్నప్పుడా, నిలబడ్డప్పుడా, ఎన్నో కిలోమీటరులో. ఆ చీటీ పట్టుకుని తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లండి, మీ స్కానింగు కాగితం కంటే అది ఎక్కువ చెబుతుంది. కాలు కిందికి తిమ్మిరి పాకుతున్నా, పాదం బలం తగ్గినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించండి. సీటుకు ఆనే భాగమంతా మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం చీటీ రాస్తూ కూర్చోవద్దు. అదే గంటలో ఆసుపత్రికి వెళ్లండి.